మిణుగురు బొమ్మకు పచ్చ గీత

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న చోట దీన్ని చెప్పేవాళ్ళు లేరు. నేనేమో ఇన్నాళ్ళూ మీకు జాగ్రత్తలే చెప్పుకొచ్చాను. ఈ పూట జాగ్రత్తలు పక్కన పెట్టి కథ చెబుతాను, దగ్గరికి రండి.

వరాహ నది ఒడ్డున లక్క బొమ్మలు చేసే ఊరొకటి ఉంది. అక్కడ సింహాద్రి మేస్త్రి పాకలో నూకరత్నం నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటోంది. చెయ్యి బాగా తిరిగింది. అంకుడు కర్రను మిషను మీద తిప్పి, లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెట్టిందంటే అందులో మొహం చూసుకోవచ్చు. ఇక ఆమెకు కావలసింది ఒక్కటే. గీత.

పని పూర్తిగా వచ్చినవాళ్ళు తమ బొమ్మ అడుగున తమ రంగు గీత ఒకటి చుట్టుకోవచ్చునని ఆ పాకలో పద్ధతి. గీత ఉంటే ఆ బొమ్మ వాళ్ళది. లేకపోతే ఎవరు చేసినా మేస్త్రిదే. మేస్త్రి గీత ఎరుపు. రత్నం తనకు పచ్చ కావాలని ఎప్పుడో అనుకుంది. నీలిమందూ పసుపూ కలిపి, అందుకోసం ఒక లక్క కడ్డీ చేసి దాచుకుంది కూడా.

అయితే గీత ఊరికే రాదు. ముందు ఆ బొమ్మ మేస్త్రి నోట్లోకి వెళ్ళి రావాలి.

అవును, నోట్లోకే. కొత్త రకం బొమ్మ చేతికొస్తే, డెబ్భై ఏళ్ళ మనిషి చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని దాన్ని ఊపేవాడు, నేలకేసి కొట్టేవాడు, చివరికి నోట్లో పెట్టుకుని చీకేవాడు. చూసినవాళ్ళు నవ్వేవారు. రత్నం నవ్వేది కాదు గానీ మొహం పక్కకు తిప్పుకునేది. ఎలాగూ తినే వస్తువులతో చేసిన రంగులే కదా, మళ్ళీ ఈ ఎంగిలి దేనికని ఆమెకు ఉండేది.

ఆ ఏడు రత్నం ఒక మిణుగురు పురుగును చేసింది. పక్కకు వంచితే దాని పొట్టలో దీపం వెలుగుతుంది. లోపల చొక్కా గుండీ లాంటి చిన్న బ్యాటరీ. దాని మీద చెక్క మూత. కుంకుమ భరిణె మూతలు చెయ్యడంలో ఆ ఊళ్ళో రత్నాన్ని మించినవాళ్ళు లేరు. ఇదీ అలాగే దిగింది. సందు కనపడదు.

పొద్దున్నే తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది. పక్కన ఆమె పది నెలల కూతురు బుజ్జి రంపపు పొట్టులో దోగాడుతోంది.

"ఏటమ్మా ఇది?"

"మిణుగురు, గురువుగారూ. ఇలా వంచండి."

వంచాడు. వెలిగింది. మేస్త్రి మొహమూ వెలిగింది. "భలేగుందే!" అని రెండు మూడుసార్లు వంచి చూసుకున్నాడు.

తర్వాత కాళ్ళు చాపాడు. ఊపాడు. నేలకేసి ఒకసారి కొట్టాడు, రెండుసార్లు, మూడుసార్లు. నోట్లో పెట్టుకుని, ఉన్న నాలుగు పళ్ళతో అటూ ఇటూ తిప్పాడు.

టుప్పుమంది. మూత నోట్లో ఉండిపోయింది. బ్యాటరీ ఒళ్ళో పడింది.

రత్నానికి చెవులు వేడెక్కాయి. "మూత బిగువుగానే పెట్టాను గురువుగారూ. భరిణె మూతలా."

మేస్త్రి మూత ఉమ్మి చేతిలోకి తీసుకున్నాడు.

"భరిణె తెరవడానికి చేస్తామమ్మా."

రత్నం ఊరుకోలేదు. "పిల్లలు మింగుతారని మరీ అంత భయమైతే, కొన్నవాళ్ళు బ్యాటరీ అయిపోగానే తీసి పారేస్తారు. అయిపోయినది ఏం చేస్తుంది? నేను వాడేసినవి అదిగో, ఆ చిప్పలో పడేశాను. చచ్చిన సెల్లులు."

కింది అరుగు మీద కొబ్బరి చిప్పలో అవి తళతళలాడుతున్నాయి. మేస్త్రి లేచి, అందులోంచి ఒకటి తీసుకుని, చిప్పను పైన దూలం మీద పెట్టాడు. పెరట్లోకి నడిచాడు. అక్కడ ఆయన భార్య పైడమ్మ కొరమేను కోస్తోంది.

"రెండు ముక్కలియ్యే."

"ఇంకా పొయ్యి మీదే పెట్టలేదు, పచ్చివి తింటారేటి?"

మేస్త్రి రెండు ముక్కల మధ్య ఆ చచ్చిన సెల్లు పెట్టి, పళ్ళెంలో పెట్టి, పైన బుట్ట బోర్లించాడు.

"బొమ్మల పిచ్చి ముదిరి చేపల మీదికొచ్చింది," అంది పైడమ్మ. "రత్నం, మీ గురువుగారికి ఇవాళ చారే."

ముగ్గురూ భోజనాలు చేశారు. ఆయనకు చారుతో పాటు పులుసూ పడింది. చెయ్యి కడుక్కుని మేస్త్రి బుట్ట తీశాడు. పై ముక్క ఎత్తి రత్నం ముందుకు జరిపాడు.

తెల్లటి చేప మాంసంలో గుండ్రంగా నల్లటి గుంట. అంచుల్లో నురగ. నిప్పు కణిక పెట్టి తీసినట్టుంది.

"అయిపోయింది బొమ్మకమ్మా," అన్నాడు మేస్త్రి. "ఈ కండకు కాదు."

రత్నం ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయింది. బుజ్జి ఒళ్ళోకి ఎక్కి, చేతికందిన తల్లి పమిట కొంగు నోట్లో పెట్టుకుంది. రత్నం చెయ్యి తనకు తెలియకుండానే పిల్ల గొంతు మీదికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం ఆమె దూలం మీది చిప్ప దించి, ఒక్కో సెల్లుకూ విడివిడిగా టేపు చుట్టింది. డబ్బాలో వేసి మూత బిగించి పట్నం పంపించేసింది. రంపపు పొట్టంతా చేత్తో జల్లించి చూసింది. బుజ్జి కూర్చునే చోట రెండుసార్లు చూసింది.

తర్వాత రెండు వారాలు మిషను తిరుగుతూనే ఉంది. కొత్త మిణుగురుకు మూత చెక్కలోకి దిగిపోయింది, గోరు దూరదు. దాన్ని స్క్రూ పట్టి ఉంది. విప్పినా ఆ స్క్రూ కింద పడదు, మూతనే అంటుకుని ఉంటుంది. భరిణె పనితనం అంతా పోయిందని పక్క పాకవాళ్ళు అన్నారు.

తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది. ఆయన అలవాటుగా కాళ్ళు చాపుకున్నాడు. బొమ్మను నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

మెరుగు మీద చిన్న చిన్న నొక్కులు. ముక్కు దగ్గర, రెక్కల మీద, మూత చుట్టూ. అడుగున నేలకు కొట్టిన గుర్తులు, లెక్కలేనన్ని.

మేస్త్రి వాటి మీద బొటనవేలితో నిమిరాడు. తలెత్తి రత్నాన్ని చూశాడు. రత్నం కళ్ళు దించుకుంది.

"ఇవి నీ పళ్ళేనా?"

"ఊఁ."

మేస్త్రి కాళ్ళు ముడుచుకున్నాడు. బొమ్మ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇక నా నోటితో పని లేదు. ఆ పచ్చ కడ్డీ ఎక్కడ దాచావో తెచ్చుకో."

పిల్లలూ, ఇంతే కథ. మీకంటే చిన్నవాళ్ళు ఎవరైనా కనిపిస్తే వాళ్ళకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ చెప్పండి. చెప్పబోయే ముందు మాత్రం ఒకసారి లేచి, టీవీ రిమోటు వెనక మూత కదులుతోందేమో చూసి రండి.