జెట్టి అరికాళ్లకు నూనె

"నన్ను కదిలించే మొనగాడు ఈ భూమ్మీదే పుట్టలేదు!" రాజుగారి జెట్టి వీరమల్లు సభలో తొడగొట్టాడు. పైగా గానుగ ఆడించే పైడమ్మ ఎద్దు తన బండికి కావాలని పట్టుబట్టాడు.

"ఇద్దరం నడుములకు తాడు కట్టుకుందాం, దొరా. నన్ను లాగేస్తే ఎద్దు మీదే," అంది మొర పెట్టుకోడానికి సభకు వచ్చిన పైడమ్మ.

సభ గొల్లుమంది. పోటీకి ముందు జెట్టీలు ఒంటికి నూనె పట్టించుకోవడం ఆనవాయితీ. పైడమ్మే నువ్వుల నూనె తెచ్చింది. "అరికాళ్లకు కూడా రాయమంటారా?"

"ధారాళంగా రాయవే!"

తన కాళ్లు మాత్రం శుభ్రంగా తుడుచుకుందామె.

"లాగు! లాగు!" సభ హోరెత్తింది. వీరమల్లు బలమంతా పెట్టి గుంజాడు. ఆమె కదల్లేదు. అతని కాళ్లే నున్నటి బండల మీద జర్రున జారాయి. వచ్చి ఆమె ముందే దబ్బున పడ్డాడు!

"మంత్రం వేశావా?" అన్నారు రాజుగారు.

"లేదు ప్రభూ. దొరగారి బలం ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ ఆయన కాళ్లను పట్టి నిలబెట్టింది ఈ నేల. ఆ పట్టును నూనె విడిపించింది."

రాజుగారు పకపకా నవ్వి, ఎద్దు ఆమెదేనన్నారు. వీరమల్లు లేవబోయి మళ్లీ జారాడు.

"అమ్మా పైడమ్మా, కాస్త ఇసుక చల్లు తల్లీ!"