రానివాళ్ళు పదకొండుమంది

ఆ లెక్క తేలడానికి జిలానీకి రెండు నెలలు పట్టింది. తేలాక మాత్రం అతని కాళ్ళు నేల మీద నిలవలేదు.

పెనుకొండకు పోయే దారిలో ఒక గుట్ట మీద దర్గా, దాన్ని ఆనుకుని రెండు గదుల ధర్మాసుపత్రి ఉన్నాయి. రెండింటికీ పెద్ద షా సాహెబే. గురువుగా కొద్దిమందికి దారి చూపారు, డాక్టరుగా వేలమందికి నాడి చూశారు. రోగి ముఖం చూడకుండా ఆయన రిజిస్టరు ముట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన దగ్గర రెండు విద్యలూ నేర్చుకుందామని, డాక్టరు చదువు ముగించి వచ్చాడు జిలానీ. తెలివైనవాడు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆసుపత్రికి సోరియాసిస్ రోగులు చాలామందే వస్తారు. చర్మం ఎర్రబడి, తెల్లటి పొలుసులు రాలే జబ్బు అది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, అలాగని ఒంటిని పూర్తిగా వదిలీ పోదు. దానికి అక్కడ రెండు మందులుండేవి. ఒకటి నల్లటి తారు మలాం, రెండోది వాసన లేని ట్యూబు మందు. ట్యూబు ఖరీదు మలాం కంటే ఐదు రెట్లు. దాతలు ఇచ్చేదానితో నడిచే ఆసుపత్రి కాబట్టి, ఏ మందుకు పెట్టిన డబ్బు ఎక్కువమందికి మేలు చేస్తోందో తేల్చాలనుకున్నాడు జిలానీ. సగం మందికి అది, సగం మందికి ఇది ఇచ్చి అన్నీ రాసుకున్నాడు.

ఒక గురువారం పొద్దున ఆ కాగితం గురువు ముందు పెట్టాడు. రెండు మందులూ ఒకే తీరుగా పనిచేస్తున్నాయనీ, వచ్చే నెల నుంచి ట్యూబు తెప్పించడం మానేద్దామనీ చెప్పాడు.

షా సాహెబ్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఓపికగా చేశావని మనసారా మెచ్చుకున్నారు. మలాం తీసుకెళ్ళి మళ్ళీ రాని పదకొండుమంది పేర్ల పక్కన ఏం రాశావని అడిగారు.

"తగ్గిందని రాశాను హజ్రత్. తగ్గకపోతే మళ్ళీ వచ్చేవాళ్ళు కదా."

ఆయన బీరువాలోంచి మలాం డబ్బా తీసి, జిలానీని చేతులు చాపమన్నారు. వేళ్ళ నుంచి మోచేతుల దాకా, పసివాడికి నూనె రాసినంత నిదానంగా పూశారు.

"పోయి పూల చాదర్ తీసుకురా బేటా," అన్నారు.

గురువారం గురువారం సమాధి మీద కప్పే పూల చాదర్ ఓబుళమ్మ కట్టి ఇస్తుంది. మెట్ల మొదట్లోనే ఆమె బుట్ట. దాన్ని పైకి తెచ్చే పని జిలానీదే. ఆ రోజు అతను దగ్గరికి రాగానే ఆమె చాదర్‌ని ఒళ్ళోకి లాక్కుంది.

"ఆ చేతులతో ముట్టుకోవద్దు సామీ. మల్లెలకి వాసన పడతాది."

ఈ వాసన నీకెలా తెలుసని అడిగాడు జిలానీ. అడుగుతుండగానే గుర్తొచ్చింది. పదకొండుమందిలో నాలుగో పేరు ఆమెదే.

"మీరిచ్చిందే కదా. ఒక్క దినం పూసుకుంటి. ఆ దినం ఒక్కరూ మూర పూలు కొనలే. మంచి మందని చేతిలో పెడితిరి, వాడలేదని మీకెట్ల చెప్పేది?"

పొడుగు చేతుల రవిక పైకి జరిపి చూపించింది. మోచెయ్యి పగిలి ఎర్రగా ఉంది. పొలుసులు మణికట్టు దాకా దిగాయి. వేళ్ళ మీదికి వస్తే పూలు ముడివేయలేనని, పూట గడవదని ఆమె భయం. అంత ఎండలో ఆ రవిక ఎందుకు వేసుకుంటోందో రెండు నెలల్లో ఒక్కసారీ జిలానీ ఆలోచించలేదు. అతనికి చాలా సిగ్గేసింది.

ఉత్త చేతులతో మెట్లెక్కి వచ్చాడు. చాదర్ ఏదని షా సాహెబ్ అడగలేదు. జిలానీ కలం తీసుకుని పదకొండు చోట్లా 'తగ్గింది' అన్న మాట కొట్టేశాడు. కాగితమంతా నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

"ఇక్కడ ఇప్పుడేం రాయాలి హజ్రత్?"

పెద్దాయన ఒక ట్యూబు తీసి జేబులో వేసుకున్నారు. డెబ్భై ఆరేళ్ళ వయసు, నొప్పుల మోకాళ్ళు. అయినా చాదర్ కోసం తానే బయల్దేరి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు. అలాంటి గురువు దొరకడం ఎవరికైనా అదృష్టమే.

"వాళ్ళ ఇళ్ళకు పోయి అడిగి రా," అన్నారు. "చేతులు మాత్రం కడుక్కోకు."