గవర్రాజు ఇంటికి సిగ్నల్ వచ్చిన వైనం

గుమ్మళ్లలోవలో అందరికంటే తెలివైనవాళ్లెవరని గవర్రాజును అడిగితే, ఆయన కాసేపు సిగ్గుపడేవాడు. ఆ తర్వాత, "మా ఇంట్లో నలుగురం ఉన్నామండి. అందులో ఎవరి పేరని చెప్పను?" అనేవాడు.

ఆ నలుగురిదీ సన్నాయి మేళం. గవర్రాజు సన్నాయి ఊదుతాడు. పెద్ద తమ్ముడు అబ్బులు డోలు వాయిస్తాడు. చిన్న తమ్ముడికి నలభై దాటినా ఇంకా చిన్నబ్బులే, అతనివి తాళాలు. గవర్రాజు భార్య నూకాలు శ్రుతిపెట్టె పడుతుంది. వాయించడంలో వాళ్లకి వంక పెట్టడానికి లేదు. తెలివి సంగతి మాత్రం వాళ్లు చెబితేనే మనం వినాలి. వానొస్తే కొత్త గొడుగు ఎక్కడ తడిసిపోతుందోనని దాన్ని చొక్కాలో దాచుకుని, తాము నిలువునా తడిసి ఇంటికొచ్చి, "చూశారా, దీని మీద చుక్క పడనిచ్చామా?" అని చూపించే రకం.

వాళ్ల ఇల్లు రెండు కొండల మధ్య గుంటలో ఉంది. అక్కడ ఫోన్‌కి సిగ్నల్ రాదు. మాట్లాడాలంటే ఇంటి వెనక వాలెక్కి నల్లబండ మీద నిలబడాలి. పెళ్లివాళ్లు ఫోన్ చేసే వేళకి బండ మీద ఎవరుంటారు? అలా ఆ ఏడాది అప్పటికే మూడు పెళ్లిళ్లు పక్క ఊరి మేళానికి వెళ్లిపోయాయి. నాలుగోది కోటపాడు దొరబాబుగారింటి పెళ్లి. ఆయనకి ఒక్కతే కూతురు. "శుక్రవారం పొద్దున ఫోన్ చేస్తాను. దొరక్కపోతే ఇంకో మేళాన్ని చూసుకుంటాను" అని కబురంపాడు.

ఇది కూడా పోతే సన్నాయిని గూట్లో పెట్టుకుని చూసుకోవడమే. గవర్రాజుకి అన్నం సయించలేదు. ఆలోచించి ఆలోచించి టౌనుకెళ్లి ఒక సిగ్నల్ పెట్టె కొనుక్కొచ్చాడు.

"మీ టీవీకి ఇంటర్నెట్ తీగ ఉంది కదా, దానికి దీన్ని తగిలించండి. సిగ్నల్ నేరుగా మీ ఇంట్లోకే వస్తుంది" అని చెప్పాడు కొట్టు ఆయన.

ఇంట్లోకి వస్తుందంటే ఊరికే ఉంటారా? నూకాలు వాకిలి కడిగి ముగ్గేసింది. కాళ్లు కడుక్కోవడానికి గడప దగ్గర చెంబుతో నీళ్లు పెట్టింది. అబ్బులు కొత్త చాప పరిచాడు. గురువారం పొద్దుగూకేదాకా కూర్చున్నారు. ఎవరూ రాలేదు. పెట్టె మీద ఎర్ర లైటొకటి మిణుకు మిణుకుమంటూ ఉంది.

"దారి తెలియలేదేమో పాపం" అంది నూకాలు.

శుక్రవారం తెల్లారింది. ఇంకేముంది, గవర్రాజు గుండె డోలులా కొట్టుకోవడం మొదలెట్టింది. పెట్టె అట్ట మీద ఉన్న నంబరు పట్టుకుని నల్లబండ ఎక్కాడు. తమ్ముళ్లిద్దరూ వెంట ఎక్కారు. ఫోన్ కలిసింది. ఎవరో ఆడమనిషి పాట పాడినంత తీయగా చెప్పింది.

"మీ కాల్ మాకెంతో ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి."

గవర్రాజు కిందికి వంగి తన కాలు చూసుకున్నాడు. కుడికాలికి నిన్ననే ముల్లు గుచ్చుకుంది. అంత దూరాన ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలిసి, పైగా తన కాలు ముఖ్యమంటుంటే, ఆయన కళ్లు చెమర్చాయి.

"మంచివాళ్లురా. మనల్ని లైన్లో ఉండమంటున్నారు" అన్నాడు.

అంతే. బండ నుంచి ఇంటిదాకా లైన్ కట్టారు. బండ మీద గవర్రాజు, వాలు మధ్యలో అబ్బులు, పెరట్లో చిన్నబ్బులు, లోపల పెట్టె దగ్గర నూకాలు. ఒకరు చెప్పింది ఇంకొకరు అందుకుని కేకేస్తే మాట ఇంట్లోకి చేరేది, జవాబు మళ్లీ అదే దారిన బండెక్కేది.

కాసేపటికి ఒక అమ్మాయి పలికింది. పేరు హైమావతి అని చెప్పింది. "లైటు ఏ రంగులో ఉంది సార్?"

మాట కిందికి వెళ్లి పైకొచ్చింది. "ఎరుపమ్మా."

"పెట్టెకి ఆకాశం నుంచి సంకేతం అందాలి సార్. పెట్టె, కిటికీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఇప్పుడెక్కడుంది?"

పెట్టె ఇంటి మధ్య గదిలో ఉంది. ఇంటర్నెట్ తీగ పొట్టిది, అక్కణ్ణుంచి జానెడు కూడా జరగదు. కిటికీ ఏమో పక్క గోడకుంది. నూకాలు అటూ ఇటూ చూసి, కిటికీలోంచి పెరట్లోకి కేకేసింది.

"చిన్నబ్బులూ, పెట్టె రాదట. కిటికీని తీసుకురా."

చిన్నబ్బులు గునపం తెచ్చాడు. నాలుగు దెబ్బలకి కిటికీ చువ్వలతో సహా ఊడొచ్చింది. దాన్ని మోసుకొచ్చి పెట్టె పక్కన గోడకి ఆనించాడు. గోడలో నిలువెత్తు కన్నం మిగిలింది.

"ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయమ్మా. నడుమ బెత్తెడు సందు కూడా లేదు" అని గవర్రాజు సంతోషంగా చెప్పాడు.

"మంచిది సార్. లైటు?"

"ఎరుపే."

"పర్లేదు. స్విచ్ ఆపేసి ఒక ముప్పై సెకన్లు ఆగండి."

మాట ఇంటికి చేరింది. నూకాలు స్విచ్ ఆపి ఆగింది. పెరట్లో చిన్నబ్బులు గునపం ఎత్తి ఆగాడు. అబ్బులు వీపు గోక్కుంటూ చెయ్యి అక్కడే ఉంచి ఆగాడు. గవర్రాజు నోరు తెరిచి ఆగాడు. సెకన్లు లెక్కపెట్టాల్సింది, కానీ లెక్కపెడితే ఆగినట్టెలా అవుతుంది? ఎవరూ లెక్కపెట్టలేదు. పొయ్యి మీద పప్పు మాడు వాసన వస్తోంది. పక్కింటి దూడ వచ్చి చిన్నబ్బులు చొక్కా చివర నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఇప్పుడు ఆన్ చెయ్యండి సార్. సార్? వినబడుతోందా సార్?"

వినబడుతోంది. కానీ ఆగమన్న మనిషి ఇక చాలు అనలేదు కదా. గవర్రాజు చెమటలు కారుతున్నా కదల్లేదు. ఆ అమ్మాయి చూసి చూసి ఫోన్ పెట్టేసింది. టుక్కుమని చప్పుడైంది.

ఆ చప్పుడు వాలు మధ్యదాకా వినబడింది. "కాల్ కట్టయిపోయింది అన్నయ్యా" అన్నాడు అబ్బులు.

గవర్రాజు గబగబా పంచె పైకెత్తి రెండు కాళ్లూ తడిమి చూసుకున్నాడు. "లేదురా. రెండూ ఉన్నాయి. ముల్లు కూడా ఉంది" అన్నాడు, ఊపిరి పీల్చుకుని.

మళ్లీ ఫోన్ చేశారు. మళ్లీ లైన్లో నిలబడ్డారు. ఖర్మకాలి మళ్లీ హైమావతే దొరికింది. ఈసారి ఆ అమ్మాయి ఒక్కో మాటా నమిలి నమిలి చెప్పింది. "స్విచ్ వేసి, పెట్టె వెనక చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకోండి సార్. లైటుకి ఆకుపచ్చ రంగు వచ్చేదాకా వదలొద్దు."

నూకాలు బటన్ నొక్కింది. ఎరుపే. వేలు నొప్పెట్టింది. ఎరుపే.

"ఆకుపచ్చ కావాలంటే ఆకు ఉండాలి కదా, ఇంట్లో కూర్చుంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?" అనుకుని, కన్నంలోంచి చిన్నబ్బులుని పిలిచి పాదు మీది చిక్కుడాకులు కోసి తెమ్మంది. ఒక చేత్తో బటన్ పట్టుకుని, రెండో చేత్తో ఆకులు నలిపి లైటు మీద రుద్దింది. పసరు దట్టంగా పట్టింది.

"ఆకుపచ్చ వచ్చింది" అన్న మాట బండెక్కింది. గవర్రాజు అదే ఫోన్లో చెప్పాడు.

"హమ్మయ్య. ఇంట్లో ఉన్న ఫోన్లో గీతలు చూడండి సార్. కనీసం మూడుండాలి."

ఇంట్లో చిన్నబ్బులు ఫోన్ ఉంది. అందులో ఒక్క గీత కూడా లేదు. మూడే కదా, అదెంత పని? చిన్నబ్బులు పొయ్యిలోంచి బొగ్గు తీసి అద్దం మీద గీశాడు. చోటు మిగిలితే మరో రెండు గీశాడు.

"ఐదున్నాయమ్మా. ఇంకా కావాలంటే ఉంటాయి" అన్నాడు గవర్రాజు.

హైమావతి తన ముందున్న కంప్యూటర్లో ఏదో చూసుకుంటున్నట్టుంది. ఆ తర్వాత ఆశ్చర్యంగా, "నిజమే సార్. ఇక్కడ కూడా మీ పెట్టె కలిసినట్టే చూపిస్తోంది" అంది.

జరిగిందేమిటంటే, కిటికీ పోయిన కన్నంలోంచి ఆకాశం తిన్నగా పెట్టె నెత్తిన పడింది. పసరు కింద లైటు నిజంగానే ఆకుపచ్చగా వెలుగుతోంది. ఆ సంగతి నలుగురిలో ఎవరికీ తెలియదు. వాళ్లకి తెలిసిందల్లా తమ తెలివి పనిచేసిందని.

"ఇక మీ ఇల్లంతా సిగ్నల్ నిండుగా ఉంటుంది సార్. ఇల్లు దాటితే మాత్రం ఉండదు. అది గుర్తుంచుకోండి" అని చెప్పి హైమావతి సెలవు తీసుకుంది. ఆ పూట ఆ అమ్మాయి మరో ఫోన్ ఎత్తిందో లేదో మనకి తెలియదు.

గవర్రాజు వాలు దిగుతూ ఆ మాటే తలుచుకున్నాడు. ఇల్లు దాటితే ఉండదు. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆయన కళ్లు గోడ కన్నం మీద పడ్డాయి.

"ఒరే, ఇంత కన్నం పెట్టుకుని కూర్చున్నామా? ఇంట్లో నిండింది నిండినట్టు కారిపోదా?"

ఇంకేముంది, నలుగురూ మీద పడ్డారు. కన్నానికి చాప అడ్డంపెట్టి మట్టి మెత్తారు. పెంకుల సందుల్లో గుడ్డలు కుక్కారు. వెనక తలుపు లేదు కాబట్టి బతికిపోయారు. ముందు తలుపు మూసి, గడియ పెట్టి, కింది సందులో నూకాలు తన పాత చీర దోపింది. పెట్టె ఒకసారి పట్టుకున్న సంకేతాన్ని వదల్లేదు. చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది. నలుగురూ దాని చుట్టూ కూర్చుని దొరబాబుగారి ఫోన్ కోసం ఎదురుచూశారు. ఉక్కపోతకి ప్రాణం పోతున్నా, సిగ్నల్ చెదిరిపోతుందని ఎవరూ విసనకర్ర ముట్టుకోలేదు.

పదకొండైంది. ఫోన్ మోగలేదు. తలుపు మోగింది.

"గవర్రాజూ, నేనయ్యా, దొరబాబుని. పొద్దుట్నుంచి చేస్తుంటే నీ ఫోన్ ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. ఇక లాభం లేదని నేనే వచ్చాను. తలుపు తియ్యి."

అబ్బులు లేవబోయాడు. గవర్రాజు చెయ్యి పట్టి లాగాడు. ఇంతటి పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తీస్తే పెళ్లి దక్కుతుంది, సిగ్నల్ పోతుంది. తీయకపోతే సిగ్నల్ దక్కుతుంది, పెళ్లి పోతుంది. ఏడుపొచ్చింది ఆయనకి.

నూకాలు చెవిలో చెప్పింది. "ఫోన్ చేస్తానన్నారు కదా మావా. చెయ్యమను."

ఆ తెలివికి గవర్రాజు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. "బాబుగారూ, ఏమనుకోకండి. మాకు సిగ్నల్ వచ్చింది. తలుపు తీయడానికి లేదు. మీరు ఇంటి వెనక నల్లబండెక్కి ఒక్కసారి ఫోన్ చెయ్యండి."

దొరబాబుకి కోపమొచ్చింది. కానీ పెళ్లికూతుర్ని చేసే వేడుక ఆ మధ్యాహ్నమే. ఇప్పుడు ఇంకో మేళాన్ని ఎక్కడని వెతుకుతాడు? పైగా ఆయన భార్య గవర్రాజు సన్నాయే కావాలని పట్టుబట్టి ఉంది. పంచె ఎగగట్టి, ఆయాసపడుతూ నల్లబండ ఎక్కాడు.

ఫోన్ మోగింది. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి మోగింది. గవర్రాజు అందుకున్నాడు.

"మీ మేళం ఖాయం. ఇప్పుడే, ఉన్నపళంగా బయల్దేరండి. మధ్యాహ్నానికల్లా సన్నాయి మోగకపోతే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు దొరబాబు.

"చిత్తం బాబుగారూ. మీరు దిగేలోపు మేం సిద్ధం."

జరీ కండువాలు వేసుకున్నారు. సన్నాయి, డోలు, తాళాలు, శ్రుతిపెట్టె చంకన పెట్టుకున్నారు. వరసగా వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. గవర్రాజు గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నబ్బులు వెళ్లి మూలనున్న గునపం తెచ్చాడు.

దొరబాబు బండ దిగి పెరట్లోకి వచ్చేసరికి ఇంటి వెనక గోడ దబ్బున కూలింది. దుమ్ములోంచి డోలుతో అబ్బులు, తాళాలతో చిన్నబ్బులు, శ్రుతిపెట్టెతో నూకాలు, చివర సన్నాయి పట్టుకుని గవర్రాజు, ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు.

"అదేమిటయ్యా, అంత తలుపుండగా?" అన్నాడు దొరబాబు.

"తలుపు తీస్తే సిగ్నల్ పోదాండి?" అన్నాడు గవర్రాజు. చదువుకున్న పెద్దమనిషికి ఇంత చిన్న విషయం తట్టనందుకు ఆయనకి జాలేసింది. ఒంటి మీది మట్టి దులుపుకుని, ఇల్లు చుట్టి ముందువైపుకి వెళ్లి, తలుపు గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, దానికి బయటినుంచి తాళం కూడా వేశాడు.