ఊడ్చిన అడవి

నేను ఇంతవరకు ఉత్తరం ముక్క కూడా రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే నవ్వుకోండి పిల్లలూ, కథ మాత్రం చివరిదాకా వినండి.

ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడం చేతకాని జానకిరాంగారనే ఫోటోలాయన ఒకసారి మారేడుమిల్లి అడవిలో మా బసకు వచ్చాడు. నేనక్కడ వంట చేసి, వాకిళ్ళు ఊడ్చేదాన్ని. మనుషులతో మాట్లాడాలంటే నాకు బెరుకు. ఎవరేం చెప్పినా తలూపడమే.

అన్నం పెడుతుంటే ఆయనే తన బాధ చెప్పుకున్నాడు. అడవి ప్రశాంతంగా కనబడే ఫోటో ఒకటి రాజమండ్రిలో ప్రదర్శనకు పంపాలట. ఐదేళ్ళుగా పంపుతున్నా, ఇది అడవిలా లేదు, పార్కులా ఉందని తిప్పి పంపేస్తున్నారట. ఈసారి కూడా కాదంటే కెమెరా అమ్మేస్తానన్నాడు. చేతిలో రెండు ఉదయాలే ఉన్నాయన్నాడు.

వాగు పక్కన మద్దిచెట్ల కిందికి తెల్లవారేసరికి అడవికోళ్ళు వస్తాయని ఎవరో ఆయనకు చెప్పారు. సాయంత్రం వెళ్ళి చూసొచ్చి, "అక్కడంతా ఎండుటాకుల చెత్తమ్మా. కాస్త శుభ్రం చేస్తావా?" అన్నాడు.

అతిథి దాన్ని చెత్త అన్నాక ఊడ్చకుండా ఉండటం నాకు రాదు. ఆ ఆకులు దేనికో నాకు తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు. చీపురు పట్టుకెళ్ళి మద్దిచెట్ల కింద నట్టిల్లులా నున్నగా ఊడ్చేశాను. అడ్డొచ్చిన కొమ్మల్ని ఆయన విరిచేశాడు. పొద్దున్నే అక్కడి అడవిపూల మీద నీళ్ళు చల్లితే మంచు పడ్డట్టే ఉంటుందని సంబరపడ్డాడు.

మర్నాడు చీకటితోనే వెళ్ళి, ఎండెక్కాక తిరిగొచ్చాడు. ఒక్క కోడి కూడా రాలేదట. ఆ మొహం చూడలేకపోయాను.

"బాబుగారూ, ఆ ఆకుల కిందే వాటికి పురుగులు దొరికేది. మనం వాటి కంచం తీసి కడిగేశాం" అన్నాను.

"నిన్ననే చెప్పకపోయావా తల్లీ."

"మీరు చదువుకున్నవారు కదా అని."

"చదువుకునే కదమ్మా అడవిని ఊడ్పించాను" అని ఆయన నవ్వలేక నవ్వాడు.

వాగు అవతల నా చీపురు పడని చోటుంది, తీసుకెళ్తాను, పుల్ల కూడా కదపకూడదని చెప్పాను. అతిథితో అంతమాట అనడం నాకు అదే మొదలు. ఈసారి ఆయనే తలూపాడు.

రెండో రోజు వెలుగు రాకముందే వెళ్ళి వెదురు పొద పక్కన కూర్చున్నాం. పై ఆకు మీది మంచు కింది ఆకు మీద పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినబడింది. మెల్లగా పొగమంచు తెల్లబడింది. చెట్ల సందుల్లోంచి ఎండ పోగులు పోగులుగా దిగింది. అప్పుడు ఎండుటాకులు గలగలమన్నాయి. కోడిపుంజు ఒకటి వెలుగులోకి వచ్చి నిలబడింది. దాని మెడ కాగుతున్న రాగిలా ఉంది. వెనక రెండు పెట్టలు, నాలుగు పిల్లలు. అవి ఆకులు చిమ్ముతుంటే మంచు బొట్లు రవ్వల్లా లేచాయి. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను.

ఆయన ఒక్కసారే కెమెరా నొక్కాడు. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆ ఫోటో ప్రదర్శనలో గోడకెక్కిందని తర్వాత ఫోను చేసి చెప్పాడు. అదలా ఉంచండి. ఆయన వెళ్ళిన మర్నాడు నేనేం చేశానో చెప్తాను. పొయ్యి వెలిగించకముందే లేచి, ఏ పనీ పెట్టుకోకుండా వాగు దాటాను. పదహారేళ్ళుగా ఆ దారిలో కట్టెలకు వెళ్ళాను గానీ నాకై నేను ఒక్కనాడూ కూర్చుని చూడలేదు. ఆ రోజు పొద్దు పైకొచ్చేదాకా కదలకుండా చూశాను.

అడవి అందాన్ని మనం సర్దనక్కర్లేదు పిల్లలూ, దేన్నీ ముట్టుకోకుండా ఓపిగ్గా కూర్చున్నవాళ్ళకే అది కనబడుతుంది.