ఓబులమ్మ కొత్త కుండలు

ఆ కరువు వేసవిలో కుమ్మరి ఓబులమ్మ తన కొట్టు ముందు కొత్త కుండల్లో నీళ్లు పెట్టి, దారినపోయేవాళ్ల దాహం తీర్చేది. సంగతి తెలిసి కొత్వాలు కొరడాతో ఊడిపడ్డాడు.

"ఈ రాజ్యంలో దానం చేసే హక్కు రాజుగారిదే! ఆయనకు పోటీగా చలివేంద్రం పెడతావా?"

దోసిళ్లు పట్టినవాళ్లు బిగుసుకుపోయారు. కొరడా పైకి లేచింది.

"దానమెక్కడ దొరా? కుండ కారుతుందో లేదో నీళ్లు పోసి చూడకుండా అమ్మకూడదు కదా! చూశాక పారబోద్దామంటే, నీళ్లు నేలపాలు చేస్తే వంద దెబ్బలని తమరే దండోరా వేయించారు. అందుకే దప్పికైనవాళ్ల గొంతులో పోస్తున్నాను."

కొత్వాలు పళ్లు నూరాడు. తన దండోరాను తానే కాదనలేడు.

"ఈ పరీక్ష ఎన్నాళ్లే?"

"వాన పడేదాకా, దొరా."