కాకి అరిచింది, చుట్టాలొచ్చారు

అనగనగా, కాకి అరిస్తే చుట్టాలొస్తారని గట్టిగా నమ్మే ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో, ఎర్రమట్టి గట్టు కింద బొరియలో, కదురమ్మ అనే ముళ్లపంది తన కూతురితో కాపురం ఉండేది.

ఆ ఏడు వేసవిలో కార్చిచ్చు రేగి దుంపలన్నీ కాలిపోయాయి. తినడానికి ఏమీ లేక కదురమ్మ గాదెయ్య దగ్గరికి వెళ్లింది. గాదెయ్య ఒక పందికొక్కు. వాడి కలుగు నిండా ఎప్పుడూ వేరుశనగ కాయలే.

"కాయలిస్తాను. వానలు పడి దుంపలు ఊరగానే తీర్చెయ్యి. ఇంతకీ మీ చుట్టాలెవరు? నువ్వు కనబడకపోతే ఎక్కడున్నావని అడగడానికి లే," అన్నాడు గాదెయ్య.

పాపం, కదురమ్మ నమ్మింది. కొండవాలులో ఉండే పిన్ని గురించీ, వాగు గట్టున ఉండే అన్న గురించీ, తన కూతుర్ని కోడలిగా చేసుకోబోయే వియ్యపురాలి గురించీ చెప్పేసింది.

వానలు ఆలస్యమయ్యాయి. గాదెయ్య ఒక్కసారైనా కదురమ్మ గుమ్మం తొక్కాడా? లేదు. ఒక కాకిని కూలికి పెట్టుకుని చుట్టాల మీదికి తోలాడు.

కాకి ముందు పిన్ని ఇంటి ముందు వాలి "కావ్ కావ్" అంది. చుట్టాలొస్తున్నారని పిన్ని సంబరంగా ఇల్లూడవసాగింది.

"చుట్టాలూ లేరు, గిట్టాలూ లేరు! మీ కదురమ్మ అప్పు ఎగ్గొట్టింది!" అని అరిచింది కాకి. పిన్ని చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తరవాత అన్న ఇంటి దగ్గర అదే గోల. అన్న తలెత్తుకోలేక నీళ్లకి కూడా బయటికి రాలేదు.

చివరికి వియ్యపురాలి ఇంటి ముందు వాలింది. "అప్పులవాళ్ల పిల్లనా తెచ్చుకునేది?" అంది. సాయంత్రానికల్లా వియ్యపురాలి నుంచి కబురొచ్చింది. "పెళ్లి మాట తరవాత చూద్దాం."

కూతురు మూల కూర్చుని ఏడ్చింది. "అమ్మా, ఇంక మనం బయటికి వెళ్లొద్దే," అంది.

కదురమ్మకి ముందు సిగ్గేసింది. కాసేపటికి కోపం వచ్చింది. ఒంటి మీద ముళ్లన్నీ గలగలమని లేచి నిలబడ్డాయి.

"ఎందుకు వెళ్లకూడదు? అప్పు చేశాను, దొంగతనం చెయ్యలేదు. తీరుస్తాను. దాక్కోవాల్సింది నేను కాదు!" అంది.

పిన్నికీ అన్నకీ ఆ మాటే చెప్పి, తిన్నగా వియ్యపురాలి ఇంటికి నడిచింది.

"వదినగారూ, అప్పున్న మాట నిజం. చెబితే ఆ సంగతి నేను చెప్పాలి. చెప్పడానికి కాకి ఎవరు? గాదెయ్యని నిలదియ్యడానికి వెళ్తున్నాను. పెళ్లి సంగతి మీ ఇష్టం," అంది.

కదురమ్మ ఒక్కతే వెళ్లి కలుగు ముందు నిలబడింది.

"గాదెయ్యా, బయటికి రా! అప్పడగాలంటే నా గుమ్మంలో నన్నడుగు. నేను కనబడకపోతే ఎక్కడుందని నా వాళ్లని అడగొచ్చు, అంతవరకే. నా అప్పు సంగతి వాళ్ల చెవిన వెయ్యకూడదని మన అడవికి పెద్దయిన ఏనుగు పెట్టిన కట్టుబాటు. తెలియదా నీకు?"

గాదెయ్య మీసాలు దువ్వుకుంటూ నవ్వాడు. "ఒంటరిదానివి, నన్నేం చేస్తావే? ఒరేయ్ కాకీ, ఇంకా గట్టిగా అరవరా. అడవంతా వినాలి!"

కలుగు పక్క చెట్టు మీంచి కాకి గొంతు చించుకుని అరిచింది. "కావ్! కావ్!"

చుట్టాలొచ్చారు.

కొండవాలు నుంచి పిన్ని వచ్చింది, చేతిలో చీపురుతో సహా. వాగు వైపు నుంచి అన్న వచ్చాడు. అందరికంటే వెనకగా, ఆయాసపడుతూ వియ్యపురాలు వచ్చింది. ముళ్లు గలగలలాడిస్తూ కలుగు చుట్టూ నిలబడ్డారు.

"ఏమయ్యా, మా వదినగారి సంగతి మా చెవిలో ఊదమని నిన్నెవరడిగారు?" అంది వియ్యపురాలు. "ఇలా ఎదురు నిలబడే తల్లి కన్న పిల్లే మా ఇంటికి కావాలి. పద, ఏనుగు పెద్ద దగ్గరే తేల్చుకుందాం!"

గాదెయ్య మీసాలు దువ్వడం ఆపేశాడు. ఏనుగు వచ్చి ఒక్క అడుగు వేస్తే కలుగేం మిగులుతుంది?

"తప్పయిందమ్మా," అన్నాడు.

"ఇక్కడ గొణిగితే చాలదు. కాకి అరిచిన ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఇరుగుపొరుగంతా వినేలా చెప్పు," అంది కదురమ్మ. కాకి ఎప్పుడో ఎగిరిపోయింది. గాదెయ్య ఒక్కడే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

వానలు పడ్డాయి. దుంపలు ఊరాయి. గాదెయ్య కదురమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, నా బాకీ..." అన్నాడు.

"అదీ, అలా అడగాలి," అని కదురమ్మ బాకీ అంతా తీర్చేసింది.

కూతురి పెళ్లినాడు ఏ కాకీ అరవలేదు. అయినా చుట్టాలందరూ వచ్చారు.

నీతి: అప్పు తీర్చడం మన బాధ్యత. ఆ అప్పు పేరు చెప్పి మన పరువు చుట్టాల గుమ్మాల్లో పరిచే హక్కు మాత్రం ఎవరికీ లేదు.