ముప్పై ఒకటో గూడు

వరిపొలాల నడుమ ఒక నేలబావి, దాని మీదికి ఒంగిన ఒక తుమ్మచెట్టు. ఆ వానాకాలం ఆ చెట్టుకు ముప్పై ఒక్క గిజిగాడి గూళ్ళు వేలాడాయి. ముప్పై గూళ్ళలో పిల్లల గోల. ముప్పై ఒకటోది గాలికి ఊగడం తప్ప ఏ చప్పుడూ చేసేది కాదు. అది పోచయ్యది.

గిజిగాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మగవాడు గూడు సగం అల్లి, టోపీలా వేలాడదీసి, దాని కింద రెక్కలు కొట్టుకుంటూ పాడతాడు. ఆడది వచ్చి ముక్కుతో గుంజి చూస్తుంది, లోపల కూర్చుని ఊగి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయిందంటే మగవాడు ఆ గూటిని తన ముక్కుతో తనే తెంపి బావిలో వదిలేయాలి. ఆ తర్వాతే కొత్త పోచ తెచ్చుకోవాలి, కొత్త ముడి వేయాలి. పాతది తెంపకుండా కొత్తది కట్టినవాడు ఆ చెట్టు మీద ఇంతవరకు లేడు.

పోచయ్య గూటికి వెంపలి అనే ఆడపిట్ట వచ్చింది. గుంజి చూసింది. ఉంది. తొమ్మిది రోజులు ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో పోచయ్య గూడు పూర్తి చేసి, కిందికి వాకిలిగా పొడవాటి మెడ కూడా అల్లాడు. పదో రోజు పొద్దున్నే "వెళ్తున్నా పోచా" అంది. ఎందుకని వాడు అడిగేలోపే రెండు మళ్ళు దాటి, కాలువ గట్టు మీది ఈతచెట్లలో కలిసిపోయింది.

పోచయ్య గూడు తెంపలేదు.

"తెంపెయ్యరా, వరి వెన్ను తీస్తే ఆకు గరుకెక్కుతుంది. అప్పుడు చీలికలు రావు, గూడూ రాదు. ఈ ఏడు ఒంటరిగా పోతావు," అని పై కొమ్మ బాబాయి రోజూ చెప్పేవాడు.

"రేపు తెంపుతా బాబాయ్."

"నిన్న కూడా రేపే అన్నావు!"

"నిన్న అన్న రేపు వేరు."

చెట్టంతా నవ్వేది. పోచయ్య మాత్రం గూటిలో దూరి, గోడకు తను అతికించిన బంకమట్టి ముద్దను చూసుకునేవాడు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు వెంపలి దాని మీద కాలు పెట్టింది. మూడు గోళ్ళ గుర్తు ముందుకి, ఒకటి వెనక్కి. మట్టి ఎండింది, గుర్తు చెరగలేదు. ఆ గుర్తు పక్కన తన కాలు పెట్టి చూసుకునేవాడు, తీసేసేవాడు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే చిట్టెలుక పరంధామం తుమ్మచెట్టు ఎక్కాడు.

పరంధామం పుట్టింది ఊరి గ్రంథాలయం అటక మీద. అక్కడి పుస్తకాలు ఎన్ని చదివాడో ఎవరూ చూడలేదు గానీ, ఎన్ని తిన్నాడో మాత్రం ఊరంతా చూసింది. పెంకుల కప్పు కూలాక పొలం గట్టున బొరియ తవ్వుకున్నాడు. వానకు అందులోకి నీళ్ళొచ్చాయి. భార్య, అయిదుగురు పిల్లలు, నెత్తిన వాన. తలదాచుకోవడం తప్పు కాదు. అడిగి ఉంటే పోచయ్య ఒక మూల ఇచ్చేవాడేమో. కానీ మాటలు వచ్చినవాడు అడగడం ఎందుకు నేర్చుకుంటాడు?

"తెంపకు అల్లుడూ!" అన్నాడు పరంధామం మొదటి మాటగా. "తెంపమనేవాళ్ళది సంత బుద్ధి. ఇది కాకపోతే ఇంకొకటి అంటారు. ప్రేమ సరుకా? ప్రేమ పోరాటం! నిరీక్షణే ఆయుధం!"

ఇరవై రోజులుగా తెంపు తెంపు అన్న మాట తప్ప వినని పోచయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి ఎందుకు వెళ్ళిపోయింది మామా?"

ఆ ఒక్క ప్రశ్నే పరంధామానికి కావలసిన సందు. గూటి చుట్టూ ఒకసారి తిరిగి, కప్పు వైపు తోక చూపించాడు.

"పడమటి వైపు పల్చగా లేదూ? జల్లు కొడుతుంది. ఆడపిల్ల నోరు విప్పి చెబుతుందా ఇలాంటివి? నువ్వు కనిపెట్టాలి."

పోచయ్యకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. కారణం ఉంది! కారణం ఉందంటే బాగుచేయొచ్చు. బాగుచేస్తే వస్తుంది. రెండు రోజులు పొలం మీద పడి లేత ఆకులు చీల్చి తెచ్చి కప్పు మందంగా అల్లాడు. తర్వాత నేల గట్టిగా ఉందేమోనన్నాడు పరంధామం. పోచయ్య జిల్లేడు దూది మోసుకొచ్చి పరిచాడు. అడుగున చలి కొడుతోందేమోనన్నాడు. పోచయ్య అడుగు రెండు పొరలు చేశాడు.

"ఇక ఒక్కటే లోపం," అన్నాడు పరంధామం. "ఖాళీగా ఉంది. దూరం నుంచి చూస్తే పాడుబడ్డ కొంపలా ఉంటుంది కదా? మేం లోపల ఉండి వెచ్చగా ఉంచుతాం. ప్రతిఫలం వద్దు. సేవ."

"మరి నేను?"

"బయట కొమ్మ మీద ఉండు. నిన్ను ఇలా దిగాలుగా చూస్తే వచ్చేది కూడా రాదు."

దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాసుకున్న ఊళ్ళ మధ్యే ఇది జరిగింది. అల్లినవాడు ముళ్ళకొమ్మ మీద తడిశాడు. ఒక్క పోచ తేనివాడు లోపల దూది మీద పిల్లలతో గుర్రు పెట్టాడు. ఇది దోపిడీ కాక మరేమిటి? పోచయ్యకు మాత్రం అది ఆశలాగే కనబడింది. దోపిడీకి అంతకన్నా మంచి ముసుగు ఇంకా ఎవరూ కుట్టలేదు.

ఒకరోజు పోచయ్య మేత నుంచి వచ్చేసరికి పరంధామం గూటి మెడలోంచి తల బయట పెట్టి మీసాలు ఆడిస్తున్నాడు.

"వచ్చింది అల్లుడూ! నువ్వు అటు వెళ్ళావు, ఇటు వచ్చింది. కప్పు చూసి 'బాగు చేశాడే' అంది."

పోచయ్య ముక్కులోని గింజ జారి బావిలో పడింది.

"నా గురించి అడిగిందా?"

"అడగలేదు."

"అస్సలు?"

"పిచ్చివాడా, అడగకపోవడంలోనే ఉంది కదా అంతా!"

ఆ పూట పోచయ్య తిండి తినలేదు. ఆమె కూర్చుని ఉండొచ్చని అనుకున్న కొమ్మ మీద చీకటి పడేదాకా కూర్చున్నాడు. మర్నాటి నుంచి మేతకు కూడా దూరం వెళ్ళడం మానేశాడు. ఛాతీ మీది పసుపు వెలిసిపోయింది. అయినా పరంధామం లెక్కలో వెంపలి ఎప్పుడూ పోచయ్య లేనప్పుడే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక లోపం చెప్పి వెళ్ళేది.

చివరికి పరంధామానికి ధీమా పెరిగింది. ధీమా పెరిగితే నోరు అదుపులో ఉండదు.

"ఈసారి వచ్చి తేల్చి చెప్పింది. మెడ పక్కన చిన్న కొట్టు ఒకటి అల్లమంది. గింజలు దాచుకోవడానికి. వేరుశనగ పప్పులు ఓ గుప్పెడు పట్టాలట. అది ఒక్కటీ అయితే మకాం మార్చేస్తానంది."

పోచయ్య ఎగిరి గంతేసి పొలానికి పోయాడు. ఆకు అప్పటికే గరుకెక్కింది. చీలిస్తే మధ్యలో తెగుతోంది. పదింటికి ఒకటి నిలుస్తోంది. అలా చీలికలు పోగేస్తుంటే, బావి పక్క బురదలో మెడదాకా మునిగిన ముసలి గేదె మాచమ్మ కళ్ళు తెరిచింది.

"ఇంకా ఏం అల్లుతున్నావురా పోచా?"

"గింజల కొట్టు పెద్దమ్మా. వెంపలి అడిగింది."

మాచమ్మ నెమరు ఆపింది. ఆమె నెమరు ఆపడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

"మీ అమ్మ గింజలు దాచేదా?"

"లేదు."

"మీ అమ్మమ్మ?"

"మేం ఏ పూటది ఆ పూటే తింటాం పెద్దమ్మా. మాకు దాచే అలవాటు లేదు."

"మరి దాచే అలవాటు ఎవరికి ఉంది?"

పోచయ్య ముక్కున ఉన్న ఆకు అలాగే ఉండిపోయింది.

"నేను గేదెను. నాకేం తెలుసు," అని మాచమ్మ మళ్ళీ నెమరు మొదలుపెట్టింది. "దాచుకునేవాళ్ళకి పొడుగాటి తోక ఉంటుందని మాత్రం విన్నాను."

ఇన్ని రోజుల్లో పోచయ్య ఆ రెండు మళ్ళూ ఎన్నడూ దాటలేదు. అవతల ఏం కనబడుతుందోనన్న భయం. ఆ పూట దాటాడు.

కాలువ గట్టు మీద మూడో ఈతచెట్టు. గూటి అంచున వెంపలి. గూట్లోంచి మూడు ఎర్రటి నోళ్ళు. పక్క మట్ట మీద ఎవడో పసుపుతలవాడు పాడుతున్నాడు, పోచయ్యను చూసి పాట ఆపి, కాస్త పక్కకు జరిగాడు. ఆ మర్యాదే పోచయ్యకు ఎక్కువ గుచ్చుకుంది.

"చిక్కిపోయావు పోచా," అంది వెంపలి.

"నిన్న వచ్చావట కదా."

"ఎక్కడికి?"

"మన... నా గూటికి."

"వెళ్ళాక ఒక్కసారి కూడా రాలేదు నేను. ఎవరు చెప్పారు?"

పోచయ్య ఇన్ని రోజులూ మోసిన ప్రశ్నే ముందు బయటపడింది.

"కప్పు కారిందా వెంపలీ?"

"లేదు."

"గోడ పల్చగా ఉందా? అడుగున చలి కొట్టిందా?"

"లేదు పోచా. అంత గట్టి గూడు ఈ గట్టు మీద ఒక్కటీ లేదు."

"మరి ఎందుకు?"

వెంపలి కాలువ వైపు తిరిగింది.

"ఆ తొమ్మిది రోజులూ నేనూ అదే అడుక్కున్నాను. గూడు మంచిది. నువ్వు మంచివాడివి. నాకు అక్కడ ఉండాలనిపించలేదు. అంతే. ఇంతకు మించి ఏం చెప్పినా కల్పించి చెప్పినట్టే అవుతుంది."

పిల్లలు గోల చేశాయి. ఆమె అటు తిరిగింది. పోచయ్య కళ్ళు ఆ గూటి మీద పడ్డాయి. దాని పడమటి వైపు నిజంగానే పల్చగా ఉంది, వెలుతురు అటు నుంచి ఇటు కనిపిస్తోంది. ముక్కులో ఇంకా ఒక మంచి చీలిక ఉంది. నాలుగు ముళ్ళు చాలు. ముక్కు దానంతట అదే ముందుకు వెళ్ళింది. పోచయ్య దాన్ని వెనక్కి లాక్కుని, చీలికను కాలువలో వదిలి, ఎగిరిపోయాడు.

తుమ్మచెట్టు చేరేసరికి పరంధామం భోజనం చేసి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"కొట్టు మొదలుపెట్టలేదే అల్లుడూ?"

"ఇక అక్కర్లేదు మామా. మీ మాట నిజమైంది. వెంపలి ఇప్పుడే వచ్చేస్తోంది."

"ఎవరు?"

"వెంపలి. మకాం మార్చేస్తానందని మీరే కదా చెప్పారు? ఈతచెట్ల దగ్గరికి వెళ్ళి నేనే పిలిచాను."

లోపల్నుంచి పరంధామం భార్య గొంతు వినిపించింది. "అదేమిటండీ, ఆవిడ రావడమేమిటి? మీరు ఉత్తినే చెప్పా..."

పరంధామం ఆవిడ తోక తొక్కాడు.

"వస్తుంది! నేను చెప్పలేదూ వస్తుందని!" అన్నాడు గట్టిగా. "కానీ ఇంత తొందరగా..."

"ఎలుక వాసన మాత్రం పడదట. మామా, ఇన్నాళ్ళు సేవ చేశారు. ఒక్క పూట బయట కొమ్మ మీద కూర్చోండి. నిరీక్షణే ఆయుధమన్నారుగా."

కాదనడానికి దారి లేదు. ఆమె రాదు అంటే తను చెప్పిందంతా అబద్ధం. వస్తుంది అంటే దిగాలి. పరంధామం ముందు, భార్య వెనక, పిల్లలు ఒకరి తోక ఒకరు పట్టుకుని ముళ్ళకొమ్మ మీద బారుగా కూర్చున్నారు. చెట్టు మీది గిజిగాళ్ళన్నీ గూళ్ళలోంచి తలలు బయట పెట్టాయి.

పోచయ్య చివరిసారి లోపలికి వెళ్ళాడు. దూదంతా ఎలుక వాసన. గోడ మీది మట్టి ముద్ద అలాగే ఉంది, మూడు గోళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి. దాని పక్కన తన కాలు పెట్టలేదు. ముక్కుతో ఒకసారి తాకి బయటికి వచ్చాడు.

గూడు కొమ్మకు తగిలే చోట తను మొట్టమొదట వేసిన ముడి ఉంది. అది వేసిన రోజు చినుకులు. ఆమె ఇంకా రాలేదు, వస్తుందనీ తెలీదు. ఆ రోజు ఎంత పాడాడు! పోచయ్య ఒక్కొక్క పోచే కొరికాడు. బాగా అల్లాడు కాబట్టి చాలాసేపు పట్టింది. చివరి పోచ దగ్గర ఆగాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు పరంధామం, గొంతు మారిపోయి.

పోచ తెగింది. గూడు బావిలో పడింది.

"ఒరేయ్, నా ఇల్లు!" అని కీచుమన్నాడు పరంధామం.

"మీ ఇల్లా మామా? ఆమెది అన్నారే."

చెట్టు మీది ముప్పై గూళ్ళూ ఒక్కసారి గొల్లుమన్నాయి. పరంధామం కొమ్మ మీద నిలబడి పిడికిలి బిగించాడు. "ఇది ద్రోహం! నిరీక్షణకు వెన్నుపోటు! చరిత్ర నిన్ను క్షమించదు!"

"చరిత్ర సంగతి నాకు తెలీదు నాయనా," అంది కింద నుంచి మాచమ్మ, "తూర్పున మబ్బు మాత్రం పట్టింది. పిల్లల్ని తీసుకుని గట్టెక్కు. తాటిమోడు కింద పొడిగానే ఉంది. ఈసారి బొరియ నువ్వే తవ్వుకో."

పోచయ్య వాళ్ళ వైపు చూడలేదు. బావి వైపే చూశాడు. గూడు కాసేపు తేలింది, మెడ పైకి పెట్టి, ఎవరినో పిలుస్తున్నట్టు. తర్వాత దాని చుట్టూ నీళ్ళు కొంచెం ఎర్రబారాయి. బంకమట్టి కరిగింది. గూడు మునిగింది.

అప్పుడు పొలం మీదికి ఎగిరాడు. ఎక్కడ చూసినా గరుకు ఆకే. కాలువ తూము నీడలో, ఎండ తగలని చోట, ఆలస్యంగా మొలిచిన ఒక్క లేత పిలక దొరికింది. దాని ఆకు చీల్చి తెచ్చి అదే కొమ్మకు మొదటి ముడి వేశాడు. వేశాక చూసుకుంటే, వాకిలి ఈతచెట్ల వైపు వచ్చేలా ఉంది. కాసేపు అలాగే చూసి, విప్పి, వాకిలి పొలాల వైపు వచ్చేలా మళ్ళీ వేశాడు.

ఈ ఏడు ఎవరైనా వస్తారో రారో తెలీదు. పాట ఇంకా గొంతులోకి రాలేదు. ముడి మాత్రం గట్టిగానే పడింది.

నీతి: వెళ్ళిపోయినవారికి కారణం లేకపోవచ్చు గానీ, ఆ కారణం తనకు తెలుసంటూ మన గూట్లో చేరేవాడికి మాత్రం తప్పకుండా ఒకటి ఉంటుంది.